నడకదారిలో కుక్కలను ఆపే ధ్వని పరికరం: నా అభిప్రాయం

హనుమకొండలోని వడ్డేపల్లి చెరువు కట్ట మీద గొలుసు లేకుండా వదిలిన పెంపుడు కుక్కలు మీదికి వస్తున్నందున, మనిషి చెవికి అందని, 20,000 హెర్ట్జ్‌కు పైబడిన ధ్వనిని వెలువరించే చేతి పరికరాన్ని వాడుతున్నాను. కుతూహలంతో పరుగెత్తివచ్చే కుక్క దీనికి తల తిప్పి ఆగుతుంది గాని, కోపంతో మొరుగుతూ అప్పటికే దగ్గరకు చేరిన కుక్క దీనిని లెక్కచేయదు. వినికిడి తగ్గిన ముసలి కుక్కపై అసలు ప్రభావమే ఉండదు. ఛార్జింగ్ బాగానే నిలుస్తుంది. అయినా పరుగెత్తకుండా, దాని కళ్ళలోకి చూడకుండా, గొడుగునో చేతికర్రనో అడ్డుపెట్టి మెల్లగా వెనక్కి జరగడమే మేలని నా నమ్మకం. “అది ఏమీ అనదండీ” అని దూరం నుంచి కేకవేసే యజమానులు గొలుసు పట్టుకుంటే ఈ ఖర్చే అక్కరలేదు. పిల్లలతో నడిచేవారికి అదనపు రక్షణగా మాత్రమే దీనిని సిఫారసు చేస్తాను. కుక్క కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకా వేయించుకోవాలి.