ఎనిమిదేళ్ల షటిల్ కోచింగ్: ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి 2014 జూన్‌లో, తొమ్మిదేళ్ల వయసులో, విజయవాడలోని ఒక బ్యాడ్మింటన్ కోచింగ్ కేంద్రంలో చేరింది. 2022లో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలకు ముందు ఆట మానేసింది. తమ పిల్లలను చేర్పించాలా అని నన్ను అడిగేవారు మొదట తెలుసుకోగోరేది ఫలితమే కనుక దానినే ముందు చెబుతున్నాను. సింగిల్స్‌లో రాష్ట్రస్థాయి క్వార్టర్ ఫైనల్ దాటలేదు, డబుల్స్‌లో ఒక్కసారి సెమీఫైనల్ ఆడింది, స్పోర్ట్స్ కోటాలో సీటు ఏదీ రాలేదు. అంత డబ్బు దేనికి పోసినట్టని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ సమీక్ష కొంతవరకు ఆవిడకు నేను ఎదురుగా చెప్పలేకపోయిన జవాబు.

నెల ఫీజు చేరినప్పుడు 1,500 రూపాయలు, మానేసేనాటికి 4,000. అసలు ఖర్చు ఫీజుతో తీరేది కాదు. మొదటి రెండేళ్లు నైలాన్ షటిళ్లతో సరిపోయింది గాని, పోటీలు మొదలయ్యాక ఈకల షటిల్ తప్పదు. పదహారు ఈకలతో, అయిదు గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగే ఆ వస్తువు నాలుగు గట్టి స్మాష్‌లు పడితే చాలు, ఒక ఈక విరిగి గింగిరాలు తిరగడం మొదలుపెడుతుంది. మే నెల బెజవాడ ఎండకు ఈకలు మరింత పెళుసెక్కుతాయి కనుక, ముందు రోజు రాత్రి ఇడ్లీ పాత్ర ఆవిరి మీద షటిల్ డబ్బాను కాసేపు పట్టి మూత బిగించడం నా పనుల్లో ఒకటిగా ఉండేది. రాకెట్ గట్టింగ్ (తీగలు బిగించడం), ఎదిగే పాదానికి ఏడాదికి రెండు జతల నాన్‌మార్కింగ్ (కోర్టు మీద మరకలు పడనివ్వని) బూట్లు, బస్సు ఛార్జీలు, లాడ్జి అద్దెలు దీనికి అదనం.

శిక్షణ విషయంలో మొదటి రెండేళ్లకు పూర్తి మార్కులు ఇస్తాను. ఆరు నెలలపాటు షటిల్ ముట్టనివ్వకుండా ఫుట్‌వర్క్ చేయించిన కోచ్ మీద అప్పట్లో మాకు కోపం వచ్చింది గాని, తరువాత ఆ అడుగులే అమ్మాయిని మోకాలి దెబ్బల నుంచి కాపాడాయని నా నమ్మకం. 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో పి.వి. సింధు మొదటి గేమ్‌ను 21-19తో గెలిచి, మిగతా రెండూ స్పెయిన్ క్రీడాకారిణి మారిన్‌కు వదిలి రజతంతో తిరిగి వచ్చాక పరిస్థితి మారిపోయింది. నెల తిరిగేసరికి ఉదయం అయిదు గంటల బ్యాచ్‌లో పిల్లల సంఖ్య రెట్టింపయింది, కోర్టులు మాత్రం నాలుగే. గంటన్నర సెషన్‌లో మా అమ్మాయి కోర్టులో ఉన్నది అరగంట దాటని రోజులు నేను లెక్కపెట్టుకున్నాను. పతకం తెచ్చేలా కనిపించిన ఇద్దరు ముగ్గురి చుట్టూనే కోచ్ శ్రద్ధ తిరిగేది. వయసు తగ్గించిన పుట్టినతేదీ పత్రాలతో బరిలోకి దిగే పిల్లలను చూసీ చూడనట్టు వదిలేయడం నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించింది. అండర్-13లో లేత మీసాలున్న అబ్బాయిల ఆట చూసినవారికి ఇంకేమీ వివరించనక్కరలేదు.

ఇక ఫీజు రసీదులో ఎక్కడా రాయని విషయానికి వస్తాను. ఒక్కసారి ఓడితే ఇంటికే అన్న నాకౌట్ పోటీలో, 64 మంది ఉన్న డ్రాలో (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టికలో) మొదటి రౌండు ముగిసేసరికి 32 మంది ఇంటిదారి పట్టాలి. కాని పట్టలేరు, ఎందుకంటే తల్లిదండ్రులందరూ తిరుగు టికెట్టును ఫైనల్ రోజు రాత్రికే తీసుకుని ఉంటారు. అందుచేత పరాయి ఊరిలో, పొద్దున పది గంటలకే ఓడిపోయిన పిల్లలు రెండున్నర రోజులపాటు ఏ పనీ లేకుండా కలిసి ఉంటారు. మా అమ్మాయికి ఈనాటికీ మిగిలిన స్నేహాలన్నీ ఆ ఖాళీ రోజుల్లో పుట్టినవే.

2016లో కాకినాడలో గుంటూరుకు చెందిన ఒక అమ్మాయి మా పిల్లను 21-9, 21-11తో ఓడించింది. ఇటువంటి పోటీల్లో ఓడినవారే తరువాతి మ్యాచ్‌కు అంపైరుగా కూర్చోవడం ఆనవాయితీ కనుక, కళ్లు వాచిపోయిన మా అమ్మాయి ముక్కు ఎగబీలుస్తూనే స్కోరు చెప్పింది. సాయంత్రానికి ఆ గుంటూరు అమ్మాయి కూడా ఓడి అదే కుర్చీలో కూర్చుంది. ఆ రాత్రి లాడ్జి వరండాలో ఇద్దరూ తోక విరిగిన షటిల్‌తో ఆడుతూ, మేనేజరు వచ్చి కేకలేసేదాకా ఆపలేదు. తరువాత వాళ్లిద్దరూ మరో నాలుగుసార్లు ఎదురుపడ్డారు, నాలుగుసార్లూ మా పిల్లే ఓడింది. 2018లో అండర్-15కు వచ్చాక ఇద్దరూ డబుల్స్ జోడీ అయ్యారు. నేను పైన చెప్పిన సెమీఫైనల్ ఆ జోడీదే.

తల్లిదండ్రుల మధ్య స్నేహాలకు నేను అంత మంచి మార్కులు ఇవ్వలేను. గ్యాలరీ సిమెంటు మెట్ల మీద ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నా మాకు ఒకరి పేర్లు ఒకరికి తెలిసేవి కావు, అందరమూ ‘ఫలానా పాప వాళ్ల అమ్మ’లమే. ఫ్లాస్కులో కాఫీ పంచుకున్నవాళ్లమే డ్రా కాగితం గోడకెక్కగానే పలకరింపులు తగ్గించుకునేవాళ్లం. డబుల్స్ జోడీ మార్చిన సందర్భంలో ఒకావిడకూ నాకూ మాటలు ఆగిపోయాయి. తప్పు నాదే ఎక్కువ. పిల్లలిద్దరూ వారం తిరగకుండానే కలిసిపోయారు, మేము మాత్రం ఇప్పటికీ కూరగాయల బజారులో ఎదురుపడితే చెరో వైపు తిరిగి టమాటాలు ఏరుకుంటాము.

అయితే గుంటూరు కుటుంబం సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మేముండే సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా వారూ నేనూ కింది వాటా వదిలి పైవాళ్ల ఇంట్లో చిక్కుకుపోయాము. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి మేము పలకకపోయేసరికి తన పాత జోడీకి ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ కలిసి ఆడక అప్పటికే రెండేళ్లు దాటింది. మూడో రోజు పడవ మమ్మల్ని ఫ్లైఓవర్ దగ్గర దించినప్పుడు, వచ్చే ప్రతి పడవలోనూ మా పేర్లు అడుగుతూ ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు నిలబడి ఉన్నారు. ‘అక్కయ్యా, బండి అటు పెట్టాను, రండి’ అన్నారే తప్ప మరో మాట అడగలేదు. వాళ్ల ఇంట్లో తొమ్మిది రోజులున్నాము. తిరిగి వచ్చి చూస్తే అటక కింది అలమరలో ఉన్న కిట్‌బ్యాగు, మూడు రాకెట్లు బురదలో పనికిరాకుండా పోయాయి. సెమీఫైనల్ జ్ఞాపిక మాత్రం పైఅరలో ఉండి బతికింది.

పిల్లను చేర్పించాలా అని అడిగేవారికి నా సలహా ఇది. పతకం కోసమైతే కోర్టుకు ఎంతమంది పిల్లలున్నారో ముందు లెక్కపెట్టి చూడండి, ఆరుగురు దాటితే మరో కేంద్రం వెతకండి. వేసవిలో ఒక నెల చేర్పించి చూశాకే ఏడాది ఫీజు కట్టండి. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ టైమ్‌టేబుల్ ఆటను మిగలనివ్వదని ఇప్పుడే లెక్కలో వేసుకోండి. పొరుగూరి పోటీలకు వెళ్లేటప్పుడు, పిల్ల మొదటి రౌండు దాటుతుందన్న ఆశ లేకపోయినా సరే, తిరుగు టికెట్టు ఫైనల్ రోజు రాత్రికే తీసుకోండి.