మ్యూరెన్‌కి ఏ కాలంలో వెళ్లాలి?

స్విట్జర్లాండ్ వచ్చే మనవాళ్లలో చాలామంది ఇంటర్‌లాకెన్‌లో దిగి, మంచుకొండల మీది యుంగ్‌ఫ్రావ్‌యోక్ కనుమ చూసి, మర్నాడే పారిస్ రైలెక్కేస్తారు. మొదటిసారి మేమూ అదే చేశాం. జ్యూరిక్‌లో ఉద్యోగం వచ్చాక మాత్రం మ్యూరెన్‌కి నాలుగుసార్లు వెళ్లాం.

లౌటర్‌బ్రునెన్ లోయ పైన, 1,638 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉండే ఊరది. కార్లు రావు. లౌటర్‌బ్రునెన్‌లో కేబుల్ కార్ ఎక్కి గ్రూచ్‌ఆల్ప్‌లో దిగితే, అక్కణ్ణుంచి చిన్న రైలు. ఊరికి కావలసిన సరుకులు కూడా ఆ కేబుల్ కార్ కిందే వేలాడుతూ పైకి వస్తాయి. స్విస్ ట్రావెల్ పాస్ (పర్యాటకులు రైళ్లకీ బస్సులకీ కలిపి కొనుక్కునే టికెట్) ఉంటే ఊరిదాకా వేరే టికెట్ అక్కర్లేదు.

జనవరిలో మంచు బాగుంటుంది, గది అద్దెలే భరించలేం. తల్లులు చెక్క స్లెడ్జి మీద పిల్లల్నీ, కూరగాయల సంచినీ కలిపి లాక్కెళ్లడం చూసి మా పాప కదలనని మొండికేసింది. స్కీయింగ్ చెయ్యనివాళ్లకి రెండు రోజులు చాలు.

నీళ్లు చూడాలంటే జూనే. మంచు కరిగి, దాదాపు 300 మీటర్ల స్టాబ్‌బాఖ్ జలపాతం నిండుగా దూకుతుంది. కొండ లోపల పారే ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతంలో సెకనుకి 20,000 లీటర్ల దాకా నీరు పడుతుంది. లోపల పక్కమనిషి మాట వినపడదు. చలికాలంలో దాన్ని మూసేస్తారు.

నవంబరులో మాత్రం వెళ్లకండి. గది ఇచ్చినాయన డబ్బు కట్టించుకున్నాడు కానీ, హోటళ్లన్నీ మూసేసి ఉంటాయని ఒక్క మాట చెప్పలేదు. పిల్లలతో ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డామో! గదిలో వంటిల్లు ఉంది కాబట్టి అన్నం వండుకుని ఆవకాయతో గడిపాం. అప్పటినుంచి ఏ కాలమైనా వంటిల్లున్న ఇల్లే తీసుకుంటున్నాం.

నన్నడిగితే సెప్టెంబరు రెండో సగం. ఆకాశం తేటగా ఉంటుంది, జనం తగ్గుతారు. పక్క ఊరు గిమ్మెల్‌వాల్డ్‌కి నడుస్తుంటే ముందు గంటలు వినిపించాయి, తర్వాత ఆవులు కనిపించాయి. వేసవంతా పైన మేసి దిగుతున్న మంద అది. ముందరి ఆవు తలమీద పూలు, మెడలో బిందెంత గంట. మేం గోడకి అతుక్కుని దారిచ్చాం. గిమ్మెల్‌వాల్డ్‌లో ఓ ఇంటి ముందు చిన్న ఫ్రిజ్‌లో చీజ్ పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచారు. మనిషి లేడు. ఆ చీజ్ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

పగటి యాత్రికులు దిగిపోయాక, సాయంత్రం అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టాం. మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ నడవలేదు తను. ఎదురుగా యుంగ్‌ఫ్రావ్ శిఖరం మీద ఎండ గులాబీ రంగుకి తిరిగి, నెమ్మదిగా ఆరిపోయింది. చీకటి పడ్డా లేవలేదు. "రేపు కూడా ఇక్కడే ఉందాం రా" అంది. ఇంకో రెండు రోజులు ఉండిపోయాం.