పర్లాకిమిడిలో నా అండర్‌లివర్ ఎయిర్ రైఫిలు: ఏడు నెలల వాడకం, గుళ్ళ సంగతి

మా తాత వించెస్టర్ గురించి చెప్పకుండా ఇప్పుడు కొన్నదాని గురించి చెప్పలేను, దీన్ని ఇలగ ఎంచుకోడానికి అదే కారణం మరి. పర్లాకిమిడి ఇంకా మద్రాసు కింద గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, అంటే 1936కి ముందు, తాత కొన్న వించెస్టర్ 94 అది, .30-30 బోరు, అసలైన లివర్ యాక్షన్. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనప కడియాన్ని కిందకి లాగితే పేలిన తూటా ఖోళం పైనుంచి ఎగిరి పడుద్ది, మళ్ళీ పైకి నొక్కితే కొత్తది లోపలికెక్కుద్ది, అంతే పని. ఆ కటక్ కటక్ చప్పుడు మా నాన్నకి ఇప్పటికీ చెవుల్లో ఉందట. తాత పోయాక లైసెన్సు నాన్న పేరు మీదకి మారింది గానీ ఉన్న తూటాల డబ్బా అయిపోయాక మళ్ళీ దొరకలేదు, బరంపురం తిరిగేరు, వైజాగ్ తిరిగేరు, ఎక్కడికెళ్ళినా మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ చేసే .315 చూపించీవారు, అది బోల్ట్ రైఫిల్ తూటా, దీంట్లో పట్టదు. అంత మంచి తుపాకీ ఇప్పుడు డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉంది, ఏడాదికోసారి వెళ్ళి నూనె రాసి వస్తాం.

అందుకే ఎవరడిగినా ముందు తూటా ఎక్కడ దొరుకుద్దో చూసుకుని తర్వాత తుపాకీ చూడండి అంటాను. టెక్సాస్‌లో ఉన్న మా పెద్దనాన్న కొడుకు మొన్న లివర్ యాక్షన్ కొంటానని ఫోన్ చేసినా అదే చెప్పేను, అక్కడ .30-30 ఏ ఊరి షాపులోనైనా దొరుకుద్ది కాబట్టి జింక వేటకి అది చాలు అన్నయ్యా, ఊరికే డబ్బాలు కొట్టుకోడానికి ఎక్కువ వాడతావంటే .357 మాగ్నమ్ తీసుకో, అందులో .38 స్పెషల్ అనే పొట్టి తూటా కూడా పేలుద్ది, ధర తక్కువ, భుజానికి దెబ్బ తక్కువ అని. ఇంకోటి కూడా గట్టిగా చెప్పేను, వీటిలో చాలావాటికి తూటాలు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనక తూటా ముక్కు ముందుదాని ప్రైమర్ని, అంటే అడుగున దెబ్బ తగిలితే అంటుకునే బిళ్ళని, ఆనుకుంటాది, అందుకని ముక్కు చదునుగానో గుండ్రంగానో ఉన్నవే వెయ్యాలి, గట్టి సూదిముక్కు వేస్తే దెబ్బకి గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. స్కోపు పెడతానన్నాడు, అలగైతే పక్కకి ఖోళం విసిరే మార్లిన్ 336 నయం, పాత వించెస్టర్లు పైకి విసురుతాయి కాబట్టి స్కోపు అడ్డం.

ఇక మన సంగతి. 4.5 ఎంఎం బోరు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం ఎయిర్ రైఫిలుకి లైసెన్సు అక్కర్లేదు, ఐడీ, అడ్రసు ప్రూఫు ఇస్తే చాలు. నేను తీసుకున్నది జర్మనీ వైరాఖ్ వాళ్ళ హెచ్‌డబ్ల్యూ 97కె, 16 జౌల్స్ రకం. ఖరీదు మంచి సెకండ్ హ్యాండ్ బైకంత, ఇంట్లో రెండు నెలలు ఆలోచించే కొన్నాం. బారెల్ కింద ఉన్న లివర్ని వెనక్కి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుని బారెల్ వెనకున్న జారే గొట్టం, అంటే స్లీవు, వెనక్కి జరుగుద్ది, గుండుని చేత్తో నేరుగా బారెల్లో పెట్టాలి. గుండు పెట్టినంతసేపూ ఇంకో చెయ్యి లివర్ మీదనుంచి తియ్యకండి, జారకుండా లాక్ ఉన్నా సరే, వేలు తెగే చోటది. మామూలు విరుపుడు తుపాకీల్లో బారెలే వంగుద్ది, కొన్నాళ్ళకి ఆ కీలు వదులైతే గురి మారిపోద్ది, దీంట్లో బారెల్ కదలదు, నాకు నచ్చిందదే. ట్రిగ్గర్ అయితే వెన్నలాగ ఉంది. బరువు సుమారు నాలుగు కేజీలు, పిల్లలు మొయ్యలేరు. గురి చూసే ముల్లు రాదు, స్కోపు విడిగా కొనాల్సిందే.

స్కోపు దగ్గర నాకు దెబ్బ తగిలింది. ఆన్‌లైన్లో తక్కువలో దొరికిందని ఒకటి బిగించేను, మూడు వారాల్లో లోపల గీత తిరిగిపోయింది. స్ప్రింగు తుపాకీ మామూలు రైఫిల్లాగ వెనక్కే కాదు, ముందుకి కూడా తన్నుద్ది, దాన్ని తట్టుకునేదని రాసున్న స్కోపే కొనాలి. బిగించి పట్టుకున్నా గురి చెదురుద్ది, ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించి వదిలెయ్యాలి.

గుళ్ళ మాటకొస్తే, మూడు రకాలు తెప్పించి పెరట్లో 25 మీటర్ల దూరంలో ఇసక నింపిన గోనెసంచులు పేర్చి ఒక్కో రకానికి ఇరవై చొప్పున కొట్టి చూసేను. బజారు రకం డబ్బా తీస్తేనే తెలిసిపోయింది, గుండు వెనక గౌనులాగ విచ్చుకున్న అంచులు సొట్టలు, గాజు పలక మీద దొర్లిస్తే కొన్ని తిన్నగా వెళ్ళవు, కాగితం మీద చిల్లులు పూరీ అంత వెడల్పున పడ్డాయి. సూదిముక్కు రకం కొంచెం నయం, చూడ్డానికి బాగుంటాది గానీ నిలకడ లేదు. గుండ్రటి తల ఉన్న జేఎస్‌బీ ఎగ్జాక్ట్, 8.44 గ్రెయిన్ల బరువుది, ఐదు వరస గుళ్ళు రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి. సెకనుకి 240 మీటర్ల దాకా వెళ్తాది, అది చాలు, మరీ తేలిక గుండేసి ఎక్కువ వేగం చూపించే ప్రకటనలు నమ్మకండి. పది మీటర్ల కాగితం గురికి మాత్రం చదును తల గుళ్ళే మంచివి, చిల్లు కత్తిరించినట్టు పడుద్ది, లెక్క సులువు. మీ బారెల్‌కి ఏది పడుద్దో మీరే కొట్టి చూసుకోవాలి, ఒకే మోడల్ రెండు తుపాకీలకి కూడా వేరే వేరే గుళ్ళు నచ్చొచ్చు. గుండు లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కకండి, పిస్టన్ పాడవుద్ది. సీసం కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మహేంద్రగిరి మీదనుంచి వాన దిగితే మా ఊళ్ళో ఇనప గుమ్మం గొళ్ళానికి కూడా తుప్పే. వాడిన ప్రతిసారీ బయట గన్ ఆయిల్ గుడ్డ తుడుస్తాను, కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ లోపల వెయ్యకండి, ఆ ఒత్తిడికి నూనె మండి సీలు పోద్ది. ఇంకా, కోతులు అరటిగెలలు పాడుచేస్తున్నాయని చుట్టుపక్కలోళ్ళు అడిగేరు, నేనివ్వలేదు. ప్రాణం మీద కొట్టడానికి కొన్నది కాదిది, పైగా రక్షణ ఉన్న అడవి జంతువుల మీద కొడితే 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసవుద్ది.

ఆదివారం సాయంత్రం నాన్న కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. లివర్ నేను లాగి ఇస్తాను, ఆ బలం ఆయనకిప్పుడు లేదు, గురి మాత్రం తప్పదు. మొన్న పది కొట్టి, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళు ఇంకెన్ని ఉన్నాయిరా అనడిగేరు. ఐదొందల డబ్బాలు రెండున్నాయి నాన్నా అన్నాను.

"అయిపోకముందే తెప్పించీ" అన్నారు.