ఆర్‌లో సర్వైవల్ ప్యాకేజీ: ఆరేళ్ళు వాడాక

నేను పనిచేసేది కాన్పుల మధ్య ఎడం మీద. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్ళ నుంచి ఇదే ప్యాకేజీ వాడుతున్నా, కొత్తగా సర్వైవల్ అనాలిసిస్ (ఒక సంఘటన జరగడానికి ఎంత కాలం పడుతుందో చూసే లెక్క) నేర్చుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదట్లో ఎన్ఎఫ్‌హెచ్ఎస్-4 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, నాలుగో విడత) డేటాలో మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య ఎన్ని నెలలో లెక్కేసి సగటు తీసేశా, రెండో బిడ్డ ఇంకా పుట్టనివాళ్ళని పక్కన పెట్టేశా. అక్కడే దెబ్బతింది, ఎందుకంటే ఎక్కువ కాలం ఆగేవాళ్ళు ఉండేది వాళ్ళలోనే, వాళ్ళని తీసేస్తే అందరూ తొందరగా కన్నట్టు కనిపిస్తుంది. సర్వే రోజు దాకా పుట్టలేదు అన్నది కూడా సమాచారమే, దాన్నే సెన్సారింగ్ అంటారు. ప్యాకేజీలోని సర్వ్ అనే ఫంక్షన్‌కి నెలలు, పుట్టిందా లేదా అని 1 లేదా 0 ఇస్తే చాలు. ఆ సర్వే ఫైల్లో తేదీలన్నీ 1900 జనవరి నుంచి లెక్కపెట్టిన నెలలే, 2015 జూన్ అంటే 1386, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమే.

నాకు బాగా నచ్చింది సర్వ్‌ఫిట్ ఫంక్షన్, ఇంకా కాన్పు కానివాళ్ళ వాటా నెలనెలకీ ఎలా తగ్గుతుందో గీతగా చూపిస్తుంది. ఆంధ్ర ఆడవాళ్ళ మూడో కాన్పుకి గీత గీస్తే మీడియన్ (సగం మందికి కాన్పు అయ్యే నెల) దగ్గర ఎన్ఏ, అంటే విలువ లేదు అని వచ్చింది, కోడ్‌లో తప్పుందేమోనని రెండు రోజులు వెతికా. తప్పేం లేదు, గీత సగానికి దిగనే లేదంతే. ఇద్దరు పుట్టాక ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు అంతమంది మరి! అయితే వాళ్ళని మామూలు సెన్సారింగ్‌లో కలిపేయకండి, వాళ్ళకి ఇక కాన్పు లేనట్టే కదా, కాంపిటింగ్ రిస్క్‌గా, అంటే కాన్పు జరగకుండా చేసే వేరే సంఘటనగా పెట్టాలి, అదీ ఇందులోనే చేయొచ్చు.

తల్లి చదువు లాంటివి కాన్పు వేగాన్ని ఎంత మారుస్తాయో చెప్పే కాక్స్ మోడల్ వేసినప్పుడు మాత్రం జాగ్రత్త. తల్లి చదువు ప్రభావం అన్ని నెలల్లోనూ ఒకేలా ఉంటుందని అది అనుకుంటుంది, నా డేటాలో మొదటి రెండేళ్ళు ఒకలా ఉంది తర్వాత ఇంకోలా ఉంది, కాక్స్ జెడ్‌పీహెచ్ (cox.zph) టెస్ట్ వేస్తేనే బయటపడింది. ఇంకోటి, స్టాటా అనే వేరే సాఫ్ట్‌వేర్ వాడే ఫ్రెండ్‌కీ నాకూ నంబర్లు కలవలేదు. నెలల లెక్క కాబట్టి ఒకే నెలలో చాలామందికి కాన్పు అవుతుంది, అలాంటివాటిని టైలు (ties) అంటారు, వాటి విషయంలో ఆర్ మామూలుగా ఎఫ్రాన్ పద్ధతి వాడితే స్టాటా బ్రెస్లో పద్ధతి వాడుతుంది. పద్ధతి మార్చి చూస్తే కలిశాయి.

ఒక్క ఇబ్బంది, ఉదాహరణలు ఎక్కువగా రోగులవే, ఈ ప్యాకేజీ అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో పనిచేసిన టెర్రీ థెర్నో రాసింది కదా. అందరూ మొదట చూసే లంగ్ (ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల) డేటాలో చనిపోయినవాళ్ళకి 2, సెన్సార్ అయినవాళ్ళకి 1 ఉంటుంది. అది చూసి అలవాటు చేసుకోకండి, మీ డేటాలో 0, 1 పెట్టుకోండి.