మిల్లుల పేటలో పదేళ్ళు: లోయర్ పరేల్‌లో కాపురం ఎలా ఉంటుందంటే

2015 జూన్‌లో రెండు సూట్‌కేసులు, ఒక గ్రైండరు, ఒక ఆవకాయ జాడీతో జోరువానలో ముంబై లోయర్ పరేల్‌లో దిగాం. పదేళ్ళు దాటిపోయింది. ఇల్లు మారలేదు కానీ అగ్రిమెంటు మాత్రం పదకొండు నెలలకోసారి రాసుకుంటూనే ఉన్నాం. ముంబైలో ఉద్యోగం వచ్చిన మనవాళ్ళు ఎవరో ఒకరు నెలకోసారైనా ఫోన్ చేసి "అక్కా, ఆ ఏరియా ఫొటోల్లో చాలా బాగుంది, అంత అద్దె పెట్టొచ్చా" అని అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నాను. అసలు మాట ముందే చెప్తా: ఆఫీసు నడిచి వెళ్ళే దూరంలో ఉంటే కళ్ళు మూసుకుని రండి. కారు లేకపోతే కాలు కదలనివాళ్ళు మాత్రం రావద్దు. చిన్నపిల్లలున్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి, ఎందుకో కింద రాస్తాను.

ఈ పేటంతటినీ మరాఠీవాళ్ళు గిరణ్‌గావ్ అంటారు, మిల్లుల ఊరు అని. నూలు మిల్లులూ, వాటి చుట్టూ కార్మికుల చాళ్ళూ (ఒక్కో గది ఇళ్ళు వరసగా ఉండే బిల్డింగులు), అంతే ఉండేది ఒకప్పుడు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకి దిగారు. ఆ సమ్మె విరమిస్తున్నామని ఎవరూ ప్రకటించనే లేదు, మిల్లులే ఒకటొకటిగా మూతపడ్డాయి. ఇప్పుడు ఆ స్థలాల్లోనే టవర్లు, బ్యాంకుల ఆఫీసులు, హోటళ్ళు. 1905లో పెట్టిన ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద మాల్, దాని పొగగొట్టం మాత్రం అలాగే నిలబడి ఉంది. అడ్రసులు ఇప్పటికీ మిల్లుల పేర్లతోనే చెప్తారు. "ఫలానా మిల్లు కాంపౌండ్, మూడో గేటు" అంటే ఆటోలు రాని ఈ వైపు టాక్సీవాళ్ళందరికీ తెలుసు.

ఇంటి సంగతి. ఇక్కడ పాత చాల్ పడగొట్టి కట్టేటప్పుడు మామూలుగా రెండు బిల్డింగులు లేస్తాయి. చాల్‌లో ఉన్న పాత కిరాయిదార్లకి ఉచితంగా ఇచ్చే చిన్న ఫ్లాట్ల బిల్డింగు ఒకటి, బయటివాళ్ళకి అమ్ముకునే టవరు ఒకటి. గేట్లు వేరు, లిఫ్టులు వేరు. మీరు నెట్‌లో చూసే ఫొటోలన్నీ ఆ రెండోదానివి. మనలాంటి జీతగాళ్ళకి అద్దెకి దొరికేవి ఎక్కువగా మొదటి రకం. చాల్‌లో పుట్టి పెరిగిన కుటుంబం ఆ ఫ్లాట్ అద్దెకిచ్చి, కల్యాణ్, డోంబివలి వైపు ఇంకాస్త పెద్ద ఇంటికి వెళ్ళిపోతుంది. మా ఓనర్లూ అంతే. మాది ఏడో అంతస్తు, 325 చదరపు అడుగులు. వచ్చిన కొత్తలో 26 వేలు, ఇప్పుడు 44 వేలు. వంటింట్లో ఇద్దరు నిలబడితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. కారిడార్‌కి రెండు వైపులా ఇళ్ళే కాబట్టి పగలు కూడా లైటు వేసుకోవాలి. మూడు లిఫ్టులని చెప్పారు, మూడూ ఒకేసారి నడిచిన రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి, ఇంట్లో డ్రమ్ము తప్పనిసరి. వెనక టవరు కడుతున్న నాలుగేళ్ళూ కిటికీ గట్టు మీద వేలు పెడితే సిమెంటు దుమ్మే. చంటిదానికి దగ్గు తగ్గేది కాదు, ఆ నాలుగేళ్ళు నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు.

మరి ఇన్ని బాధలు పడుతూ ఎందుకున్నారంటే, మా కారిడార్ వల్ల.

వచ్చిన మూడోరోజు అనుకుంటా, గ్రైండర్ చప్పుడు విని పక్కింటి పెద్దాయన తలుపు దగ్గరికొచ్చి "తెలుగోళ్ళా బిడ్డా?" అన్నారు. కరీంనగర్ వైపు పద్మశాలి కుటుంబం. వాళ్ళ నాన్న బతుకుదెరువు కోసం బొంబాయి వచ్చి మిల్లులో చేరితే, ఈయనా పద్దెనిమిదేళ్ళకే అదే మిల్లులో చేరారట. తెలంగాణ నుంచి ఎన్ని నేత కుటుంబాలు ఈ మిల్లుల్ని నమ్ముకుని వచ్చాయో, కామాఠీపుర అనే పేరే మన కామాటి కూలీల వల్ల వచ్చిందని, తెనాలిలో పెరిగిన నాకు ఇక్కడికొచ్చేదాకా తెలియదు. ఆయన తెలుగు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. "గిర్నీల చేసిన, సాంచా ఖాతాల, మూడో పాళీ" అనేవారు. గిర్నీ అంటే మిల్లు, మా వైపు మర అంటాం. సాంచా అంటే మగ్గం, సిరిసిల్లలో మరమగ్గాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఖాతా అంటే డిపార్టుమెంటు, పాళీ అంటే షిఫ్టు. మిల్లు సైరన్ భోంగా. పొద్దున భోంగా మోగితే గల్లీ గల్లీ ఒక్కసారే కదిలేదట. సగం తెలుగు, సగం మరాఠీ కలిసిన ఆ మాటలు ఇప్పుడు మా అమ్మాయికి నాకన్నా బాగా వచ్చు, ఆయన్ని తాతా అనే పిలుస్తుంది.

మా వీధి చివర పాత మిల్లు ప్రహరీ ఒక ముక్క మిగిలుంది, నల్లరాతి గోడ. ఓ సాయంత్రం కూరగాయలు తెస్తుంటే ఆయన నన్ను అక్కడ ఆపి, గోడలో ఇటుకలతో మూసేసిన చిన్న ద్వారం చూపించారు. "ఈడనే బిడ్డా, బద్లీవాళ్ళు నిలబడేది. పర్మనెంటోడు రాకుంటే ఆ దినం పని దొరికేది, లేకుంటే ఇంటికి పోవుడే." ఆయన కూడా మొదటి మూడేళ్ళు బద్లీగానే నిలబడ్డారట. ఇప్పుడు సరిగ్గా ఆ గోడ నీడలోనే డెలివరీ కుర్రాళ్ళు బైకుల మీద కూర్చుని, ఫోన్ చూసుకుంటూ ఆర్డరు కోసం ఎదురుచూస్తుంటారు. ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొస్తుంది నాకు.

మిల్లు కార్మికులకి ప్రభుత్వం లాటరీ తీసి ఇచ్చే ఇళ్ళ కోసం ఆయన ఎప్పుడో ఫారం నింపారు. తొలి లాటరీ తీసింది 2012లో. ఆయన పేరు ఇంకా రాలేదు. ఆ ఫారం రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచుకున్నారు.

ఇక రోజూ తిరగడం. నా ఆఫీసు తొమ్మిది నిమిషాల నడక, మా ఆయనది పన్నెండు. లోకల్ రైల్లో వేలాడుతూ రోజుకి మూడు గంటలు పోగొట్టుకునేవాళ్ళని చూసినప్పుడల్లా ఈ చిన్న ఇల్లే స్వర్గం అనిపిస్తుంది. లోయర్ పరేల్ స్టేషన్‌లో స్లో రైళ్ళే ఆగుతాయి, ఫాస్ట్ కావాలంటే దాదర్ వెళ్ళాలి. సెంట్రల్ లైన్‌కి కర్రీ రోడ్ నడిచి వెళ్ళొచ్చు. 2025 అక్టోబరు నుంచి కొత్త మెట్రో కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది, దానివల్ల దక్షిణం వైపు పని ఉన్నవాళ్ళకి నిజంగా హాయి. కానీ నడిచేవాళ్ళకి ఇక్కడ ఫుట్‌పాత్ లేదు. ఉన్నచోట బైకులుంటాయి, లేదా టవరు గేటు ముందు ర్యాంపు అడ్డం వస్తుంది. వేలమంది స్టేషన్ నుంచి నడిచి వచ్చే పేట ఇది, ఎప్పుడో మిల్లుల కాలంలోనూ నడిచే వచ్చేవాళ్ళు. అయినా కట్టిందంతా కారులో వచ్చేవాళ్ళ కోసమే కట్టారు. నా అసలు ఫిర్యాదు ఇదే, అద్దె కాదు, ఇరుకు కాదు.

దీనివల్ల ఏమవుతుందో 2017లో చూశాం. ఆగస్టు 29న కుండపోత. ఈ ప్రాంతమంతా పల్లం, నడుం లోతు నీళ్ళలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఇంటికొచ్చాం. ఆ రోజే ఎల్ఫిన్‌స్టన్ రోడ్ దగ్గర ఒక డాక్టరుగారు తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. సెప్టెంబరు 29, తెల్లవారితే దసరా. పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్లని కలిపే కాలివంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. మిల్లు కార్మికుల కాలంనాటి ఇరుకు వంతెన, దాని మీద వందలాది కొత్త ఆఫీసుల జనం, పైన వాన. ఆ వంతెన నేను వారానికి రెండుసార్లు ఎక్కేదాన్ని. డిసెంబరు 29, అర్ధరాత్రి దాటాక కమలా మిల్స్ కాంపౌండ్‌లో డాబా మీది పబ్బుల్లో మంటలు, 14 మంది. ఫైరింజన్ల గంటలకి లేచి కిటికీలోంచి చూస్తే ఆకాశం ఎర్రగా ఉంది. నాలుగు నెలల్లో మూడు ఘోరాలు, మూడూ ఇరవై తొమ్మిదో తారీఖునే. ఆ తర్వాత చాలాకాలం మా కారిడార్‌లో ఆడవాళ్ళు ఆ తేదీన పిల్లల్ని బయటికి పంపేవాళ్ళు కాదు.

ఆ తర్వాత సైన్యం వచ్చి కొత్త కాలివంతెన కట్టింది, 2018 ఫిబ్రవరిలో తెరిచారు. అది మెచ్చుకోవాలి. కానీ అదే ఏడు జులైలో మా పక్కనున్న డిలైల్ రోడ్ వంతెన ప్రమాదకరంగా ఉందని మూసేశారు. అది పూర్తిగా తెరుచుకునేసరికి 2023 నవంబరు. అయిదేళ్ళకి పైగా! మా అమ్మాయి బడికి పట్టాల అవతలి వైపు వెళ్ళాలి, పది నిమిషాల దారి నలభై నిమిషాలైంది. ఇప్పుడు మళ్ళీ ఎల్ఫిన్‌స్టన్ వంతెన కొత్తది కట్టడానికని 2025 సెప్టెంబరులో మూసేశారు, ఆ ట్రాఫిక్ అంతా మా మీద పడింది.

పిల్లల సంగతి చెప్తానన్నాను కదా. 1991లో వచ్చిన నియమం ప్రకారం మిల్లు స్థలం తిరగకట్టేటప్పుడు మూడోవంతు ఊరికి ఖాళీ జాగాగా, మూడోవంతు సామాన్యుల ఇళ్ళకి ఇచ్చి, మిగిలిన మూడోవంతు యజమాని కట్టుకోవాలి. 2001లో దాన్ని మార్చి, మిల్లు కట్టడాలు లేకుండా ముందే ఖాళీగా ఉన్న నేలని మాత్రమే ఆ పంపకంలో లెక్కవేస్తామన్నారు. మిల్లు లోపల అలాంటి నేల ఎంతుంటుంది? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2006లో కోర్టు ఆ మార్పునే సమర్థించింది. ఇదంతా చట్టం గొడవ అనిపిస్తుంది కానీ దాని ఫలితం నేను రోజూ సాయంత్రం అయిదింటికి చూస్తాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. మా అంతస్తు పిల్లలు పదిమంది కారిడార్‌లోనే షటిల్ ఆడతారు, కాక్ ట్యూబ్‌లైటుకి తగులుతుందని మెల్లగా కొట్టడం నేర్చుకున్నారు. గట్టిగా కొట్టడం మా అమ్మాయికి తెనాలి వెళ్ళినప్పుడే తెలిసింది. మాల్‌లో ఆట స్థలం ఉంది, గంటకింత అని కట్టాలి. ఎకరాలకెకరాలు చేతులు మారిన చోట పిల్లలకి ఒక్క మైదానం మిగల్చకపోవడం నేను క్షమించలేను.

మంచి విషయాల్లో నాకు ప్రాణం లాల్‌బాగ్ మసాలా బజారు. ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక. ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్ళు మిరపకాయలు కొని, అక్కడే తొడిమలు తీసి, వేయించి, యంత్రానికి ఇస్తారు. పిండిమర కాదది. ఇనుప రోకళ్ళు వరసగా లేస్తూ పడుతూ దంచుతాయి, కాబట్టి కారం వేడెక్కి రంగు పోదు. నేను ఊరి నుంచి గుంటూరు మిరపకాయలు తెప్పించుకుని అక్కడ దంచిస్తాను. మొదటి ఏడు ఆ యంత్రం అబ్బాయి తుమ్మి తుమ్మి "ఏ కుఠ్‌లీ మిర్చీ?" ఎక్కడిదీ మిర్చి అని అడిగాడు. ఇప్పుడు నన్ను చూడగానే ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు, మెత్తగా దంచమని చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకి ముఖ్యం. పరేల్‌లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, కేఈఎం, వాడియా ఆసుపత్రులు మాకు దగ్గర. టాటాకి ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎంతోమంది వస్తారు, ఉండటానికి చోటు దొరక్క బయట ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళనీ చూశాను. తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు మా 325 అడుగుల ఇంట్లో వారాల తరబడి ఉన్నారు. నేను ఆఫీసులో ఉంటే పక్కింటి పెద్దాయన కోడలు వాళ్ళకి జావ కాచిచ్చేది, మరాఠీ రాని వాళ్ళకి తోడుగా ఓపీ దాకా వెళ్ళేది. టవరులో ఉండి ఉంటే ఇది జరిగేది కాదని నా నమ్మకం.

ఇల్లు చూడటానికి వచ్చేట్టయితే ఆదివారం రాకండి, బ్రోకరు ఆదివారమే రమ్మంటాడు. జులైలో, పనిరోజున, పొద్దున తొమ్మిదింటికి లోయర్ పరేల్ స్టేషన్‌లో దిగి ఇంటిదాకా నడవండి. వాన పడుతుంటే ఇంకా మంచిది, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది. లిఫ్టు కాకుండా మెట్లెక్కి, ఫ్లాట్ లోపలికి వెళ్ళేముందు కారిడార్‌లో ఓ పావుగంట నిలబడండి. మా అంతస్తులో పదహారు ఇళ్ళుంటే పగటిపూట పద్నాలుగు తలుపులు తీసే ఉంటాయి. అలాంటి అంతస్తు దొరికితే అడ్వాన్సు ఆరోజే ఇచ్చేయండి.