ఇరవై రెండంగుళాల నల్ల సైకిలు: పదకొండేళ్లు తొక్కాక

గేర్లు లేవు, కేబులు బదులు ఇనప కడ్డీలతో పట్టే కడ్డీ బ్రేకులు, 22 అంగుళాల ఫ్రేము, 28 × 1½ టైర్లు. పాలక్యాన్లు మోసిందీ, ఉత్తరాలు పంచిందీ ఈ నల్ల సైకిలే. కంపెనీ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు. లూధియానాలో చేసినదైనా, చెన్నై దగ్గర అంబత్తూరులో చేసినదైనా ఈ నమూనా కొలతలు దాదాపు ఒకటే. ఒకదాని టైరూ ఫ్రీవీలూ (వెనక చక్రానికుండే పళ్ల బిళ్ల, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిస్తుంది) ఇంకోదానికి పడతాయి. అట్లాస్ వాళ్లు 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేశాక కూడా ఆ సైకిళ్లకు సామాను దొరకడానికి కారణం ఇదే.

తీర్పు ముందే చెప్పేస్తా. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు చదును రోడ్డు మీద తిరిగేవాళ్లకి, క్యారియర్ మీద బియ్యం బస్తా వేసేవాళ్లకి, ఎండావానల్లో బయటే నిలబెట్టేవాళ్లకి ఇంతకన్నా మొండి బండి లేదు. రోజూ ఫ్లైఓవర్లు ఎక్కేవాళ్లూ, మూడో అంతస్తుకి మోసుకెళ్లేవాళ్లూ దీని జోలికి పోవద్దు. ఇరవై కిలోల పైమాటే.

దీని గుట్టంతా రెండు చోట్లే ఉంది, క్రాంకుని (పెడలు తగిలించే చేతిని) ఇరుసుకి బిగించే కాటరు పిన్నులోనూ, బ్రేకులోనూ. మిగతావన్నీ ఏ మెకానిక్కయినా కళ్లు మూసుకుని చేస్తాడు. ఈ రెండూ సరిగ్గా చేసేవాళ్లు తగ్గిపోతున్నారు, అందుకే వీటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

తొక్కుతుంటే కింద నుంచి "టక్, టక్" అని వస్తుంది. బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు గూడు) పోయిందని చాలామంది మొత్తం విప్పించేస్తారు. విప్పే ముందు లెక్కపెట్టండి. పెడలు తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి వస్తే కాటరో, పెడలో, బీబీయో. పెడలు రెండున్నర చుట్లు తిరిగితే ఒకసారి వస్తే చైనులో ఏదో లింకు బిగుసుకుంది. చక్రం చుట్టుకి ఒకసారి అయితే పుల్ల (స్పోకు) వదులైంది, లేదా టైరు ఎక్కడో ఉబ్బింది. సీటు మీంచి లేచి తొక్కితే ఆగిపోయిందా, అది సీటు స్ప్రింగు, కింద దేన్నీ ముట్టుకోవద్దు.

కాటరు అనుమానం తీర్చుకోవడం తేలిక. వెనక బ్రేకు గట్టిగా పట్టి, పెడళ్లు రెండూ నేలకి సమానంగా పెట్టి, రెండిటి మీదా నిలబడి ఒత్తండి. తర్వాత పెడళ్లని అర చుట్టు తిప్పి మళ్లీ ఒత్తండి. ఏదో ఒక క్రాంకు కొంచెం కిందికి జారినట్టు అనిపిస్తే ఆ పిన్ను వదులైనట్టే. అలాగే పది రోజులు తొక్కితే మెత్తటి పిన్ను నలిగిపోతుంది, నెల తొక్కితే క్రాంకు రంధ్రమే సాగిపోతుంది. అప్పుడు క్రాంకు కూడా మార్చాలి.

కొత్త పిన్ను వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒక్కటే: డబ్బాలోంచి తీసినది తీసినట్టే కొట్టేయడం. పిన్నుకి ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. ఆ చదును మొత్తం ఇరుసు మీది గాడికి ఆనాలి. అంచు మాత్రమే ఆనితే బరువంతా గీతంత చోట పడి నలుగుతుంది. పిన్ను పెట్టి మెల్లగా తట్టి, బయటికి తీసి చూడండి. చదును మీద మెరుపు గీత ఒక పక్కనే ఉంటే ఆకురాయితో రెండు మూడు రుద్దులు రుద్ది మళ్లీ చూడాలి. రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలవకపోయినా మందు ఇదే. రెండు పిన్నులూ ఎదురెదురు దిశల్లో దూరాలి. ఒకటి పైనుంచి వస్తే, ఆ భంగిమలోనే రెండోది కిందనుంచి రావాలి.

సుత్తి దెబ్బ వేసే ముందు క్రాంకు కింద ఇనప గొట్టం ముక్క నిలబెట్టి నేలకి ఆనించాలి. ఆ ఆసరా లేకపోతే దెబ్బ బీబీ బాల్సు మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. పిన్ను బాగు చేయబోయి బీబీ పాడు చేసుకోవడం అంటే ఇదే. నట్టుతో పిన్నును లాగకూడదు, మరలు తెగుతాయి. సుత్తితో దిగ్గొట్టాక నట్టు కాపలాకి మాత్రమే. ముప్పై కిలోమీటర్లు తొక్కాక ఇంకో రెండు దెబ్బలు వేసి నట్టు మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు ఎవరూ చేయరు, అందుకే "ఎన్ని కాటర్లు మార్చినా నిలవట్లేదు" అన్న మాట వినబడుతూ ఉంటుంది.

ఇక బ్రేకులు. కడ్డీ బ్రేకు రబ్బరు రిమ్ముని పక్కల నుంచి పట్టదు, లోపలి వైపు నుంచి, అంటే ఇరుసు వైపు నుంచి, బయటికి ఒత్తుతుంది. దీనివల్ల ఒక లాభం ఉంది. చక్రం పక్కకి కాస్త వంగినా బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. అయితే రిమ్ము ఎక్కడైనా గుంట పడి ఎగుడుదిగుడైతే బ్రేకు వేసినప్పుడల్లా గుబుక్కుమంటుంది. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య మూడు మిల్లీమీటర్లు ఖాళీ చాలు. కడ్డీ బిగింపు బోల్టు వదులు చేసి, రబ్బరు ఆ దూరంలో నిలిచేలా పట్టుకుని బిగించడమే. కడ్డీ మలుపుల దగ్గర నెలకో చుక్క నూనె వేయాలి, అది రిమ్ము మీద పడకుండా చూసుకోవాలి.

రబ్బరు బిగించే ఇనప డొప్పకి ఒక కొస మూసి ఉంటుంది, రెండోది తెరిచి ఉంటుంది. రిమ్ము తిరిగే దిశలో ముందుండే కొస మూసినదై ఉండాలి. తిరగేసి పెడితే బ్రేకు పట్టిన క్షణంలోనే రబ్బరు డొప్పలోంచి జారి ఎగిరిపోతుంది. రబ్బర్లు మార్పించాక దుకాణం ముందే ఇది చూసుకోవాలి.

వానలో మాత్రం ఈ బ్రేకుని నమ్మొద్దు. క్రోము పూసిన ఇనప రిమ్ము తడిస్తే రబ్బరుకి పట్టు దొరకదు. చక్రం కొన్ని చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకుపోయాకే పట్టు మొదలవుతుంది. ఆపాల్సిన చోటికి చాలా ముందు నుంచే బ్రేకుని లైటుగా తాకించి ఉంచడం ఒక్కటే దారి. కొత్త రబ్బర్లు కొంత మేలు చేస్తాయి గానీ గుణం మారదు. ఈ సైకిలుకి నేను మార్కులు కోసేది ఇక్కడే.

పంచర్లకి మన దగ్గర కారణాలు రెండు. పల్లేరు కాయ ఒకేసారి మూడు నాలుగు చోట్ల గుచ్చుతుంది. సర్కారు తుమ్మ ముల్లు ఒకటే గుచ్చుతుంది కానీ మొన టైరులోనే విరిగి ఉండిపోతుంది. ప్యాచీ వేసిన మర్నాడు మళ్లీ అదే చోట గాలి పోతే సొల్యూషన్ని తిట్టకండి, ముల్లు మొన ఇంకా అక్కడే ఉంది. టైరు లోపల వేలితో కాదు, గుడ్డపీలికతో తుడవండి, దారాలు చిక్కుకున్న చోట ముల్లుంటుంది. పక్కపక్కనే రెండు చిల్లులు పడితే మాత్రం ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగింది. వెనక చక్రానికి పంచరు వేయాలంటే చక్రం విప్పక్కర్లేదు. టైరు ఒక పక్క ఊడదీసి ట్యూబుని బయటికి లాగితే చాలు. సొల్యూషన్ పూశాక అయిదు నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటుకోని స్థితిలో ప్యాచీ నొక్కాలి. తడిగా ఉండగా అంటిస్తే ఎండాకాలం రోడ్డు వేడికి జారిపోతుంది.

ట్యూబులో చిల్లు లేదు, అయినా రాత్రికి రాత్రి గాలి పోతోంది అంటే వాలు ట్యూబు చూడండి. ఇత్తడి వాలు మీద తొడిగే ఆ సన్నటి రబ్బరు గొట్టం రెండు వేసవులకి పగులుతుంది. అర అంగుళం ముక్క మారిస్తే సరి. ఉమ్మి తడి రాస్తే బుడగ వస్తుందా లేదా అని చూసే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

బాల్సు లెక్క రాసిపెట్టుకుంటే ఓవరాయిలింగుకి ఇచ్చినప్పుడు మోసపోరు. ముందు హబ్బులో 3/16 అంగుళం బాల్సు పక్కకి పది, వెనక హబ్బులో ¼ అంగుళంవి పక్కకి తొమ్మిది, బీబీలో ¼ అంగుళంవి పక్కకి పదకొండు. పాతవాటిలో కొన్ని ఉంచి కొన్ని కొత్తవి కలపకూడదు, ఎత్తు తేడాతో బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. బీబీ కుడి కప్పు ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే ఊడుతుంది. ఎడమ పెడలుకీ అంతే. ఇది తెలియక గొట్టం తగిలించి బలంగా లాగి మరలు కోసేసిన బీబీలు ప్రతి దుకాణం మూలలోనూ ఉంటాయి. హబ్బులకి గ్రీజు దండిగా పెట్టండి, ఫ్రీవీలుకి మాత్రం వద్దు. లోపలి బుల్లి నాలుకలు గ్రీజుకి అతుక్కుపోయి, ముందుకి తొక్కినా పెడలు ఉత్తినే తిరుగుతుంది. పల్చటి నూనె రెండు చుక్కలు చాలు.

చైనుకి పాత ఇంజినాయిలు పోసేవాళ్లున్నారు. దానికి దుమ్ము పట్టి గరుకు కాగితంలా పళ్లని అరగదీస్తుంది. కిరోసిన్‌తో కడిగి, ఒక రాత్రి ఆరబెట్టి, లింకుకో చుక్క వేసి, పైన తుడిచేయాలి. స్కేలు పెట్టి ఇరవై నాలుగు లింకులు కొలవండి. సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. దానికి ⅛ అంగుళం ఎక్కువైతే చైను మార్చాల్సిందే. ఇంకా నాన్చితే ఫ్రీవీలు కూడా పోతుంది. చైను కొసలు కలిపే క్లిప్పు లింకు మూసిన కొస చైను నడిచే దిశకి ఉండాలి. వెనక చక్రం ఎడమ గొట్టానికి రాసుకుంటోందంటే కుడి నట్టు వదులై చైను ఇరుసుని ముందుకి లాగింది.

మార్పుల్లో డబ్బుకి తగినవి మూడే. మొదటిది ఫ్రీవీలు. 44 పళ్ల చక్రం, 18 పళ్ల ఫ్రీవీలుతో పెడలు ఒక్క చుట్టుకి బండి దాదాపు 5.4 మీటర్లు పోతుంది. వెనక 20 పళ్లది వేస్తే 4.9 మీటర్లు. ఎదురుగాలిలో, బస్తా ఉన్నప్పుడు మోకాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. చైను అదే ఉంచొచ్చు, చక్రం ఆరున్నర మిల్లీమీటర్లు ముందుకి జరిగితే సరిపోతుంది. ఆ జాగా గాడిలో ఉందో లేదో ముందు చూసుకోండి. రెండోది మోటారు వాలు (స్కూటరు టైర్లకి ఉండే రకం) ట్యూబు, రిమ్ము రంధ్రంలో అదే పడుతుంది. పెట్రోలు బంకులో గాలి పట్టించేటప్పుడు కాస్తకాస్తగా కొట్టించండి, ఒకేసారి వదిలితే ట్యూబు పేలుతుంది. మూడోది దీపం. 6 వోల్టుల, 3 వాట్ల డైనమో ఉన్నవాళ్లు బల్బు బదులు ఎల్‌ఈడీ దీపం పెట్టుకుంటే మెల్లగా పోయేటప్పుడు కూడా వెలుగు చాలుతుంది. డైనమో గుబ్బ టైరు పక్క గోడని తినేస్తుంది కాబట్టి పగలు తప్పనిసరిగా ఎత్తి ఉంచండి.

గేర్లు పెట్టించాలని అడిగేవాళ్లకి వద్దనే చెబుతాను. ఏడు గేర్ల గుత్తికి వెనక ఫోర్కు వెడల్పు చాలదు, సాగదీయాలి. గేరు యంత్రం తగిలించే చెవి కూడా ఉండదు. బ్రేకుల్ని కేబులుకి మార్చాలన్నా ఈ రిమ్ముకి పక్కల చదును లేదు, అంటే రిమ్ములూ మార్చాలి. అంతకన్నా కేబులు బ్రేకుల సైకిలు వేరేది కొనుక్కోవడం చవక. టైరు కొనేటప్పుడు "28" అన్న అంకె ఒక్కటే చూడొద్దు. ఈ సైకిలుది 40-635, అంటే టైరు వెడల్పు 40, రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. రేసు సైకిలు 28 అంటే 622, అది దీనికి ఎక్కదు.

పిల్లలకి ఇదే కొని "ఎదిగాక సరిపోతుందిలే" అనుకునేవాళ్లకి ఒక మాట. ఈ ఫ్రేము పై కడ్డీ నేల నుంచి దాదాపు 33 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గంటకి అద్దె సైకిళ్ల రోజుల్లో దీన్నే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి దొంగ తొక్కుడు తొక్కేవాళ్లం, తెలంగాణలో కైంచీ అంటారు. నిండు చుట్టు తొక్కడం కుదరదు, సగం కిందికి తొక్కి మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమే. ఆ సగం తొక్కుళ్లతోనే ఊరు దాటగలిగామంటే అది ఫ్రీవీలు చలవ. సరదాగానే ఉండేది గానీ సైకిలు మొత్తం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, బ్రేకుకి చెయ్యి సరిగా అందదు. అప్పట్లో రోడ్డు మీద ఎడ్లబండ్లు ఉండేవి. ఇప్పటి రోడ్డు మీద పిల్లల చేత ఆ పని చేయించలేం. కాళ్లు రెండూ నేలకి ఆనే సైజు కొనండి.

కొత్తది కొంటే దుకాణంలోనే హబ్బులు విప్పించి గ్రీజు చూడండి, తరచూ పేరుకి పూసి ఉంటుంది. మొదటి వంద కిలోమీటర్లకి పుల్లలు సర్దుకుంటాయి, అప్పుడు బెండు తీయించాలి. ముందు చక్రానికి 32, వెనక 40 పుల్లలు. మెకానిక్కు పుల్ల బిగించే నిప్పుల్‌ని ఒక్కో దఫాకి పావు చుట్టుకి మించి తిప్పుతుంటే ఆపమనండి. సీటు ఎత్తుకి ఒకటే కొలత: మడమ పెడలు మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి.

పాతది కొనేటప్పుడు రంగూ రబ్బర్లూ కాదు చూడాల్సింది. ఒక దారం తీసుకుని వెనక ఇరుసు ఒక కొసకి కట్టి, ఫ్రేము ముందు హ్యాండిల్ దిగే గొట్టం చుట్టూ తిప్పి, ఇరుసు రెండో కొసకి లాగి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే ఫ్రేము వంగింది. హ్యాండిల్ గొట్టం కింద, ఏటవాలు గొట్టం అడుగున రంగు పగిలి గీతలు పడి ఉంటే ముందు నుంచి గట్టి దెబ్బ తిన్నదన్నమాట, ఎంత చవకైనా వదిలేయండి. రిమ్ము లోపలి వైపు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, తుప్పు పొరలుగా రాలితే బ్రేకు పట్టినప్పుడు అక్కడే చీలుతుంది. క్రాంకులు రెండూ పట్టుకుని పక్కలకి ఊపండి. ఒకటే ఊగితే కాటరు, రెండూ కలిసి ఊగితే బీబీ. మొదటిదైతే బేరమాడి కొనొచ్చు.