చౌక విమానం: తెరపై ఒక ధర, చేతి నుంచి పోయింది మరొకటి

గత నెలలో అమ్మతో కలిసి విశాఖపట్నం నుంచి శంషాబాద్‌కు ఒక చౌక విమాన సంస్థలో వచ్చాను. వెతికినప్పుడు తెరపై మనిషికి 2,899 రూపాయలని కనిపించిన టికెట్టు, సీటు ఎంపిక, కన్వీనియన్స్ ఫీజు కలిసేసరికి 3,600 దాటింది. వెబ్ చెక్-ఇన్‌లో ఉచితంగా మిగిలినవన్నీ మధ్య సీట్లే కావడంతో, మోకాళ్ల నొప్పితో బాధపడే అమ్మకు నడవ పక్క సీటు కొనక తప్పలేదు.

అసలు దెబ్బ సామాను దగ్గర తగిలింది. దేశీయ మార్గాల్లో ఇలాంటి సంస్థలు సాధారణంగా మనిషికి 15 కిలోల సామాను, 7 కిలోల చేతిసంచి అనుమతిస్తాయి. మా పెట్టెలో ఆవకాయ, మాడుగుల హల్వా చేరడంతో బరువు మూడు కిలోలు ఎక్కువైంది. అదనపు బరువును ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే తక్కువే అయ్యేది. కౌంటరు దగ్గర చెప్పిన రేటు విన్నాక, జనం చూస్తుండగానే పెట్టె తెరిచి హల్వా డబ్బాలను అమ్మ చేతిసంచిలోకి మార్చాను.

విమానం మాత్రం వేళకే బయలుదేరింది, సిబ్బంది మర్యాదగానే ఉన్నారు. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ మొదలుపెట్టిన ఈ చౌక పద్ధతి, చేతిసంచితో వెళ్లే ఒంటరి ప్రయాణికుడికి ఇప్పటికీ లాభమే. సామానుతో కదిలే కుటుంబమైతే, భోజనం కలిపి ఇచ్చే సంస్థల పూర్తి ధరతో పోల్చి చూసుకున్నాకే డబ్బు కట్టాలి. మా తిరుగు ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు తీసుకున్నాను.